హండ్రెడ్ పర్సెంట్ చెయ్యడానికి ఏ గేమ్ ఎంచుకోవాలి? మిగిలిందేదో చూపించేదే ముందు

రూళ్ల నోటుబుక్కులో ఒక పేజీ నిండా గళ్లు గీశాను. అడ్డంగా పది, నిలువుగా పది. 2002లో వచ్చిన వైస్ సిటీ గేమ్‌లో దాచిన 100 ప్యాకేజీల కోసం 100 గళ్లు. పచ్చగా మెరిసే చిన్న బొమ్మ దొరికినప్పుడల్లా ఒక గడి కొట్టేసేవాణ్ణి. వేసవి సెలవులు అయ్యేసరికి 97 గళ్లు నిండాయి. మిగతా మూడూ ఎక్కడున్నాయో తెలీదు. అసలు దొరికిన 97 ఏవో కూడా నా దగ్గర లేదు. గళ్లు కొట్టాను గానీ చోట్లు రాసుకోలేదు. గేమ్ కూడా 97 అన్న అంకె చూపిస్తుందే తప్ప ఏవి తీశానో, ఏవి వదిలానో చెప్పదు. తీసిన బొమ్మ మాయమైపోతుంది. ఒక మేడ వెనక్కి వెళ్లి నిలబడితే, ఇక్కడిది ముందే తీశానా, లేక ఇక్కడ ఎప్పుడూ ఏమీ లేదా అన్నది తేలదు. అప్పటికి మా ఇంట్లో నెట్ లేదు. ఆ మూడు గళ్లూ ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి.

ఆ తర్వాత శాన్ ఆండ్రియాస్ ఆడాను. అది 2004 నాటిది. అందులో లాస్ సాంటోస్ గోడల మీద 100 గ్రాఫిటీ గుర్తులుంటాయి. అవీ మ్యాప్‌లో కనపడవు. కానీ ఒకసారి మనం స్ప్రే కొట్టిన గోడ మీద మన గ్యాంగు పేరు పచ్చరంగులో అలాగే ఉండిపోతుంది. రెండోసారి అటు వెళ్తే చూడగానే తెలిసిపోతుంది, ఇది అయిపోయిందని. ఒక్కో వీధీ పట్టుకుని మళ్లీ తిరిగాను, పచ్చగా లేని గోడలు దొరికాయి, నూరూ పూర్తయ్యాయి. రెండు గేముల్లోనూ ఉన్నది 100 వస్తువులే, రెండూ జీటీఏ వరసలోవే. ఒకదాంట్లో మనం చేసినదానికి ఆనవాలు ఉంది, ఇంకోదాంట్లో లేదు. నాకు తేడా అంతా అక్కడే వచ్చింది.

ఈ ఏడాది మా మేనల్లుడు గుణుపూర్‌లో ప్లస్ టూ పరీక్షలు రాసి, బరంపురంలో సెకండ్‌హ్యాండ్ పీఎస్4 (ప్లేస్టేషన్ 4) కొనుక్కున్నాడు. "మావయ్యా, ఒక్క గేమ్ అయినా పూర్తిగా, ఏదీ వదలకుండా చెయ్యాలనుంది. ఏది మొదలెట్టను?" అని ఫోన్ చేశాడు. పర్లాకిమిడిలో మా వీధి కుర్రాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు. అందరూ అడిగేది ఎన్ని గంటలు పడుతుంది, ఎన్ని వస్తువులుంటాయి అని. నేను చూసేది వేరు. మిగిలిందేదో ఆ గేమ్ చూపిస్తుందా? వదిలేసినదాని కోసం వెనక్కి వెళ్లనిస్తుందా? ఈ రెండిటికీ అవునంటే 500 ఉన్నా చెయ్యొచ్చు. కాదంటే 50 కూడా కష్టమే.

ముందు ఎవరి లెక్క ప్రకారం నూరు?

హండ్రెడ్ పర్సెంట్ అంటే గేమ్‌లో ఉన్నవన్నీ వదలకుండా పూర్తి చెయ్యడం, కానీ ఆ మాటకి ఒకే అర్థం లేదు. గేమ్ లోపల చూపించే పర్సెంటేజీ ఒకటి. ఫలానా పని చేసినందుకు గేమ్ బయట మన ఖాతాలో పడే ట్రోఫీలు, అచీవ్‌మెంట్లు ఇంకొకటి. ఎక్స్‌బాక్స్ 360తో 2005లో అచీవ్‌మెంట్లు మొదలయ్యాయి, పీసీ గేములు అమ్మే స్టీమ్‌లో 2007లో, ప్లేస్టేషన్ ట్రోఫీలు 2008లో వచ్చాయి. అంతకుముందు గేములకి లోపలి లెక్క ఒక్కటే ఉండేది.

ఈ రెండు లెక్కలూ కలవవు. 2017లో వచ్చిన హాలో నైట్‌లో లోపలి లెక్క నూరుతో ఆగదు, 112 దాకా వెళ్తుంది. తర్వాత ఉచితంగా చేర్చిన భాగాలు ఆ పైనున్న 12. అయితే అందులో అన్నిటికన్నా కష్టమైన ఐదో పాంథియన్, అంటే 42 మంది బాస్‌లతో, అదే పెద్ద శత్రువులతో, ఏకబిగిన పోరాడేది, ఆ 112లో లేనే లేదు. అచీవ్‌మెంట్ల జాబితాలో మాత్రం ఉంది. పైగా స్టీల్ సోల్ మోడ్‌లో ఒక్కసారి చనిపోతే సేవ్ మొత్తం పోతుంది, ఆ మోడ్‌లోనే నూరు శాతం చెయ్యమని ఇంకో అచీవ్‌మెంట్. కాబట్టి "హాలో నైట్ పూర్తి చేస్తాను" అన్నవాడు 112 దగ్గర ఆగుతాడా, జాబితా మొత్తం చేస్తాడా అన్నది మొదటే తేల్చుకోవాలి. 112 దగ్గర ఆగితే అది చక్కటి, న్యాయమైన పని. జాబితా మొత్తమంటే మామూలు ఆటగాళ్లలో చాలామందికి నెలలు పడుతుంది.

2013 నాటి టూంబ్ రైడర్‌లో లోపలి నూరు హాయిగా అయిపోతుంది. ట్రోఫీలకు వస్తే మల్టీప్లేయర్ కూడా, అంటే నెట్‌లో ఇతరులతో, ఆడాలి. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2లో కూడా కొన్ని ట్రోఫీలు ఆన్‌లైన్ ఆడితేనే వస్తాయి. పాత గేముల్లో ఆన్‌లైన్ ట్రోఫీ ఉంటే నా సలహా ఒక్కటే: ప్లాటినం (మిగతా ట్రోఫీలన్నీ వస్తే ఇచ్చే చివరి ట్రోఫీ) మీద ఆశ పెట్టుకోకండి, లోపలి లెక్క పట్టుకోండి. అవతల ఆడేవాళ్లు దొరకరు, మన నెట్ నిలవదు.

చూపించే గేములు, సగం చూపించేవి, అసలు చూపించనివి

ఎంపిక చేసేటప్పుడు ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే.

మార్వెల్స్ స్పైడర్‌మ్యాన్ (2018) చూపించే రకం. ఒక్కో పేటలో టవర్ బాగుచేస్తే ఆ పేటలో ఉన్నవన్నీ మ్యాప్ మీదకి వచ్చేస్తాయి. పీటర్, అంటే స్పైడర్‌మ్యానే, ఊరంతా వదిలేసిన స్కూలు బ్యాగులు 55. ఒక్కో బ్యాగులో ఏదో పాత వస్తువు ఉంటుంది, దాని గురించి పీటర్ రెండు మాటలు చెప్తాడు. వెతకడం అనే పని దాదాపు లేదు. మేడల మధ్య ఊగుతూ వెళ్లడమే సరదా కాబట్టి అది లోటుగా అనిపించదు. కష్టం ఏ స్థాయిలో పెట్టుకున్నా ప్లాటినం వస్తుంది. ఒక్కటే విసుగు: పేట పూర్తవడానికి వీధి నేరాలు ఆపాలి, అవి ఒకేలా ఉంటాయి. వాటిని చివరికి కుప్పగా మిగల్చకుండా దారిలో తగిలినప్పుడల్లా చేసుకుంటూ పోతే సరి. మొదటిసారి నూరు చేసేవాళ్లకి నేను ఎక్కువసార్లు చెప్పేది ఈ గేమే.

2009 నాటి బ్యాట్‌మ్యాన్ ఆర్కమ్ అసైలమ్ కూడా దాదాపు ఇదే రకం, పైగా నా లెక్కలో ఇంకో మెట్టు పైనే. రిడ్లర్ అనే విలన్ పెట్టిన చిక్కులు 240. అక్కడక్కడా దాచిన మ్యాపులు దొరికితే ఆ ప్రాంతంలోని చిక్కులన్నీ గుర్తులుగా పడతాయి. గుర్తు కనపడినంత మాత్రాన చెయ్యి చాచి తీసుకోలేం. ఎలా అందుకోవాలో బుర్ర పెట్టాలి. ఎక్కడుందో చెప్పి, ఎలాగో చెప్పకపోవడం నాకు బాగా నచ్చిన పద్ధతి. హొరైజన్ జీరో డాన్ (2017) మ్యాపుల్ని వర్తకుల దగ్గర అమ్మిస్తుంది. కావాలంటే కొనుక్కోవచ్చు, వద్దంటే సొంతంగా వెతుక్కోవచ్చు. ఆ నిర్ణయం మనకే వదిలేశారు.

సగం చూపించే వాటిలో నాకు ముందు గుర్తొచ్చేది గాడ్ ఆఫ్ వార్ (2018). ఓడిన్ దేవుడి కాకులు 51 ఉంటాయి. మ్యాప్‌లో చుక్కలు పడవు, కానీ ఏ ప్రాంతంలో ఎన్నిటికి ఎన్ని అయ్యాయో లెక్క చూపిస్తుంది. ఒక ప్రాంతంలో ఒకటి మిగిలిందని తెలిస్తే పడవ అక్కడికి తిప్పుకుని, చెవి పెట్టి వింటాం. కాకి అరుపు వినిపిస్తుంది. తల ఎత్తి చూస్తే పచ్చటి వెలుగుతో ఏ విగ్రహం భుజం మీదో కూర్చుని ఉంటుంది, లేదా గాల్లో గుండ్రంగా తిరుగుతుంటుంది. గొడ్డలి గురి చూసి విసరాలి. ఎగిరే కాకికి కాస్త ముందుగా విసరాలి, లేకపోతే తగలదు. తొమ్మిది మంది వాల్కిరీలనే యోధురాళ్లతో పోరాటం మాత్రం నిజంగా గట్టిది. కష్టం స్థాయి తగ్గించుకున్నా ట్రోఫీ ఇస్తుంది కాబట్టి భయం లేదు. అన్నిటికన్నా కఠినమైన స్థాయిలో మాత్రం మొదలెట్టకండి, మధ్యలో దాన్ని మార్చుకోనివ్వదు.

గోస్ట్ ఆఫ్ సుషిమా (2020) చుక్కలకి బదులు గాలిని వాడుకుంది. వెతికే వస్తువేదో ఎంచుకుంటే గాలి అటువైపు వీస్తుంది, గడ్డి అటు వంగుతుంది. ప్రయాణికుడి దుస్తులు వేసుకుంటే వస్తువు దగ్గరపడగానే కంట్రోలర్ వణుకుతుంది. మ్యాప్ తెరిచి మూసే పని లేదు. కళ్లు దారి మీదే ఉంటాయి. దారి చూపిస్తూనే వెతుకులాటలోని ఆనందాన్ని ఉంచిన గేముల్లో ఇదే నాకు అన్నిటికన్నా ఇష్టం.

ఇక అసలు చూపించనివి. మొదటి అసాసిన్స్ క్రీడ్ (2007)లో జెండాలు 420. మ్యాప్‌లో గుర్తుండదు, అన్నీ ఏరినా గేమ్ లోపల చేతికొచ్చేది ఏమీ లేదు. బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ (2017)లో కొరోక్ విత్తనాలు 900. రాళ్ల కింద, చెట్ల మీద, కొండ కొమ్ముల్లో ఉంటాయి. సంచులన్నీ పూర్తిగా పెంచుకోవడానికి 441 చాలు. 900 ఏరినవాడికి ఇచ్చేది బంగారు రంగు పేడముద్దలాంటి ఒక వస్తువు, దానితో ఎప్పుడంటే అప్పుడు చూడగలిగే ఒక నాట్యం. నేను దీన్ని తప్పు పట్టను. ఎటు తిరిగినా ఏదో ఒకటి తగలాలని అన్ని పెట్టారు, అందరూ అన్నీ ఏరాలని కాదు. ఆ గేమ్ ఆడండి, అంత అందమైనది అరుదు. కానీ చిక్కులు విప్పాల్సిన 120 గుడులు, 441 విత్తనాలు అయ్యాక పూర్తయిందనే అనుకోండి. 900 మీదే పట్టుంటే విడిగా అమ్మే అదనపు భాగంలో కొరోక్ ముసుగు ఉంది, దగ్గరికొస్తే వణుకుతుంది. తిరిగిన దారిని మ్యాప్ మీద గీసి చూపించే సదుపాయం కూడా అందులో ఉంది. ఆ రెండూ లేకుండా దిగొద్దు.

వెనక్కి వెళ్లే దారి

ఇది తొందరగా చెప్పేస్తాను. అన్‌చార్టెడ్ 4లో నిధులు 109. ఏ చాప్టర్‌కైనా తిరిగి వెళ్లొచ్చు, అందులోనూ మధ్య నుంచి మొదలెట్టొచ్చు. అందుకే మొదటిసారి కథ చూసుకుంటూ హాయిగా ఆడి, రెండోసారి నిధుల కోసం వెళ్తే సరిపోతుంది. పెద్ద ప్రపంచం ఉన్న గేముల్లో కథ అయిపోయాక కూడా తిరగనిస్తారా అన్నది చూసుకోవాలి. పైన చెప్పిన స్పైడర్‌మ్యాన్, గాడ్ ఆఫ్ వార్, సుషిమా మూడూ తిరగనిస్తాయి. కొత్త గేమ్ ఏదైనా పట్టుకునే ముందు "చేజారిపోయే ట్రోఫీలున్నాయా" అన్న ఒక్క ప్రశ్నకి జవాబు వెతకండి. కథ వివరాలేవీ చదవక్కర్లేదు.

దొరికేదేంటి?

బహుమానం పెద్దదా చిన్నదా అన్నది కాదు నాకు ముఖ్యం. ఏరిన వస్తువుకీ కథకీ సంబంధం ఉందా అన్నది ముఖ్యం. అసాసిన్స్ క్రీడ్ 2 (2009)లో 100 ఈకలుంటాయి. వాటికి మ్యాప్ కూడా అమ్మరు. నా రెండు ప్రశ్నల్లో మొదటిదానికి ఇది నిలబడదు. అయినా నేను చేశాను. కథానాయకుడు ఎజియో చిన్న తమ్ముడు పెట్రూచియో ఈకలు దాచుకునేవాడు. వాణ్ణి ఉరి తీశాక తల్లి మాట్లాడటం మానేస్తుంది. దొరికిన ఈకలు ఆ తల్లి గదిలోని పెట్టెలో వెయ్యాలి. నూరూ అయ్యాక ఆవిడ నోరు విప్పుతుంది. కానుకగా వచ్చే కేప్ వేసుకుంటే ఊళ్లో కాపలావాళ్లంతా వెంటపడతారు, ఆటకి దాని ఉపయోగం తక్కువ. ఆ తల్లి గొంతు విన్నాక మాత్రం ఇంటి కప్పుల మీద తిరిగిన ఆ గంటలన్నీ వసూలైపోయినట్టే అనిపించింది.

శాన్ ఆండ్రియాస్‌లో నూరు చేస్తే గ్రోవ్ స్ట్రీట్‌లో యుద్ధ విమానం, యుద్ధ ట్యాంకు వచ్చి నిలబడతాయి. తూటాలు ఇక అయిపోవు. కుర్రాళ్లకి అది చాలా గొప్ప. బ్యాట్‌మ్యాన్ ఆర్కమ్ నైట్ (2015) దీనికి వ్యతిరేకం. రిడ్లర్ చిక్కులు 243 మొత్తం చేస్తే గానీ కథ ముగింపు పూర్తిగా చూపించదు. ఏరడం ఇష్టంలేని వాణ్ణి కూడా ఏరమని బలవంతం పెట్టడం నాకు నచ్చలేదు. కథ కోసం ఆడేవాళ్లు దాన్ని నూరు చేసే జాబితాలో పెట్టుకోవద్దు.

మన వైపు చూసుకోవాల్సినవి

మాది పర్లాకిమిడి. నాలుగడుగులేస్తే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఫోన్ ఇంటి ముందు గదిలో ఒడిశా టవర్ పట్టుకుంటే, పెరట్లో ఆంధ్రా టవర్ పట్టుకుంటుంది. పెద్ద డౌన్‌లోడ్ మొబైల్ డేటా మీద పెడితే మధ్యలో ఎన్నిసార్లు ఆగుతుందో చెప్పలేం. రెడ్ డెడ్ 2 పీసీలో 150 జీబీ అడుగుతుంది. స్పైడర్‌మ్యాన్ పీసీలో 75 జీబీ. హాలో నైట్‌కి 9 జీబీ చాలు, మంచి గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా నడుస్తుంది. డిస్కు కొనగలిగిన గేమ్ అయితే డిస్కే కొనండి. పూర్తయ్యాక అమ్ముకోవచ్చు కూడా.

ఇంకోటి కరెంటు. శాన్ ఆండ్రియాస్ మొదటిసారి ఆడుతున్నప్పుడు సేవ్ అవుతుండగా కరెంటు పోయింది. ఫైలు తెరుచుకోలేదు. ఆ గేమ్ సేవ్ చేసుకోవడానికి ఎనిమిది స్లాట్లు ఇస్తుంది, నేను ఒక్కదాంట్లోనే రాసుకుంటూ వచ్చాను. సగానికి పైగా పని పోయింది. అప్పట్నుంచీ రెండు స్లాట్లలో మార్చి మార్చి సేవ్ చేస్తున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఈ గజపతి జిల్లాని అతలాకుతలం చేసినప్పుడు ఎన్నో రోజులు కరెంటు లేదు. అప్పుడు ఆటల ధ్యాస ఎవరికీ లేదు. కానీ అంతా సర్దుకుని పీఎస్4 మళ్లీ పెట్టినప్పుడు, ముందే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్న సేవ్ కాపీ పనికొచ్చింది. పీఎస్4లో సేవ్‌లని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. పీఎస్5 గేముల సేవ్‌లకి ఆ వీలు లేదు, డబ్బు కట్టే ప్లేస్టేషన్ ప్లస్ సభ్యత్వం ఉంటేనే ఆన్‌లైన్‌లో దాచుకోగలం. నూరు చెయ్యాలనుకునేవాడికి ఇది చిన్న విషయం కాదు. మా వైపు కుర్రాళ్లు పాత పీఎస్4 కొంటానంటే నేను వద్దనకపోవడానికి ఇదీ ఒక కారణం. వాన ఉరుములున్నప్పుడు రెస్ట్ మోడ్‌లో (పూర్తిగా ఆగకుండా నిద్రలో ఉంచేది) వదిలేయకండి, పూర్తిగా ఆపేయండి.

వీడియో చూసి చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు, కానీ మొదటి నుంచీ వద్దు. వీడియో పక్కన పెట్టుకుని ఒక్కో వస్తువూ తీస్తూ పోతే గేమ్ మనం ఆడినట్టుండదు. నేను ఇలా చేస్తాను. కథ నా ఇష్టం వచ్చినట్టు ఆడతాను. తర్వాత ఒక్కో ప్రాంతం సొంతంగా గాలిస్తాను. రెండు సాయంత్రాలు వెతికినా దొరకనిదానికే బయట సాయం. ఆనవాళ్లు లేని గేమ్ అయితే నోటుబుక్కు తప్పదు. అందులో గళ్లు కాదు, చోట్లు రాయాలి: "వంతెన కింద, ఎడమ స్తంభం". ఒక్క ముక్క చాలు.

ఎవరికి ఏది

ఇంతవరకూ ఏదీ పూర్తి చెయ్యని వాళ్లు, చేతిలో పాత ల్యాప్‌టాప్ మాత్రమే ఉన్నవాళ్లు ఎ షార్ట్ హైక్ (2019)తో మొదలెట్టండి. అర జీబీ కూడా ఉండదు. ఒక కొండ, 20 బంగారు ఈకలు. ఒక ఆదివారం కూర్చుంటే చాలావరకు అయిపోతుంది. పూర్తి చెయ్యడం ఎలా ఉంటుందో చేతికి తెలుస్తుంది. కన్సోల్ ఉంటే స్పైడర్‌మ్యాన్. ఇంట్లో అన్నాచెల్లెళ్లు కలిసి ఆడాలంటే లెగో స్టార్‌వార్స్ ద స్కైవాకర్ సాగా (2022) తీసుకోండి. ఒకే టీవీ ముందు ఇద్దరు ఆడొచ్చు. ఏరాల్సిన కైబర్ ఇటుకలు 1,166 అని బెదరొద్దు, గేమ్ అన్నిటికీ లెక్క చెప్తుంది, ఎక్కడికైనా తిరిగి వెళ్లనిస్తుంది. నేను మొదట చెప్పిన రెండు ప్రశ్నలకీ అవునంటుంది.

ఓపిక ఉండి, వెతకడమే ఇష్టమైతే గాడ్ ఆఫ్ వార్. ఆ తర్వాత సుషిమా. రెడ్ డెడ్ 2లో డైనోసార్ ఎముకలు 30, సిగరెట్ కార్డులు 144, మిషన్లలో బంగారు పతకాలు 70. అది మొదటి గేమ్‌గా వద్దు. రెండు మూడు పూర్తి చేసి, ఒకే గేమ్‌తో ఏడాది గడపాలనిపించినప్పుడు తియ్యండి.

మేనల్లుడు స్పైడర్‌మ్యాన్ కాదని గాడ్ ఆఫ్ వార్ తీసుకున్నాడు. పోయిన వారం ఫోన్ చేశాడు. 50 అయ్యాయి, ఒక్క కాకి మిగిలింది, ప్రాంతం తెలుసు, రెండు రాత్రులు తిరిగినా కనపడలేదు. నేను చెప్పబోతుంటే ఆపేశాడు.

"ఎక్కడో చెప్పొద్దు మావయ్యా. కూర్చుందా, ఎగురుతోందా? అదొక్కటి చెప్పు చాలు."

ఎగురుతోందని చెప్పాను.